రెండింటి మెలకువ

ఇప్పుడు పదకొండున్నరకు పడుకుని ఐదున్నరకు లేస్తున్నాను. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చినా గుండె దడదడలాడడం లేదు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. అత్తయ్యగారు మంచాన పడ్డ ఏడాదంతా రాత్రి రెండింటికి లేచి ఆవిడకు మంచినీళ్ళు పట్టి, పక్క మార్చేదాన్ని. ఆవిడ పోయారు. నాకు మాత్రం రెండింటికి మెలకువ పోలేదు. ఎవరూ పిలవకపోయినా లేచి కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకి అసలు నిద్ర పట్టడమే మానేసింది. థైరాయిడ్, షుగరు, బీపీ అన్నీ చూశారు, అన్నీ నార్మలే.

మొదట చూసిన డాక్టరుగారు తలెత్తకుండానే "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా, నిద్ర లేక ఎవరూ చచ్చిపోరు" అంటూ జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర రాసిచ్చారు. పక్కనున్న మా ఆడపడుచు నవ్వింది. ఆ మాటా ఆ నవ్వూ ఇప్పటికీ గుచ్చుకుంటాయి. నెల తిరక్కుండానే ఆ మాత్ర చాలలేదు. ఎవరికీ చెప్పకుండా రెండు వేసుకోవడం మొదలుపెట్టాను. ఆ తప్పు నాదే.

శ్రావణంలో ఒక రాత్రి మోకాళ్ళకు చల్లగా తగిలితే మెలకువ వచ్చింది. చూస్తే మా ఇంటి వెనక కాలువ రేవులో, మూడో మెట్టు మీద ఉన్నాను. నీళ్ళు నిండుగా పోతున్నాయి. చేతిలో అత్తయ్యగారి కంచు గ్లాసు. దొడ్డి తలుపు గడియ ఎప్పుడు తీశానో, మెట్లు ఎలా దిగానో ఒక్క ముక్క గుర్తు లేదు. వెనక నుంచి ఆయన "కదలకే, అక్కడే ఉండు, నేనొస్తున్నా" అంటున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు అంతలా వణకడం నేను వినలేదు. కుక్క మొరగబట్టి లేచారట. తెల్లారి ఆయన అయినవిల్లి విఘ్నేశ్వరుడికి మొక్కుకున్నారు.

సంగతి విని మా అబ్బాయి హైదరాబాద్ నుంచి కొత్త ఫోమ్ పరుపు పంపించాడు. పాత కొబ్బరి పీచు పరుపు కొని పంతొమ్మిదేళ్ళయింది. తీసేసేముందు ఆయన దాని మీద వెదురుకర్ర అడ్డంగా పెట్టి చూశారు. మధ్యలో నాలుగు వేళ్ళు దూరేంత గొయ్యి. కొత్తదాని మీద నడుంనొప్పి తగ్గింది గానీ నిద్ర రాలేదు.

కాకినాడలో డాక్టరమ్మగారు నా మాట మొత్తం విన్నారు, అరగంట. ఆ మాత్రతో నిద్రలోనే లేచి నడిచినవాళ్ళు ఉన్నారనీ, 2019లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించిందనీ చెప్పారు. అప్పటికే తెలిసిన సంగతి, నాకు రాసిచ్చిన ఆయన ఒక్క ముక్క చెప్పి ఉంటే! ఇంకా కోపం పోలేదు.

"పరుపు మార్చి మంచిపని చేశారమ్మా. ఫోమైనా స్ప్రింగైనా ఏడు నుంచి పదేళ్ళు, ఆ తర్వాత నడుం పాడవుతుంది. కానీ మీ మెదడు రెండింటికి లేవడం నేర్చుకుంది, దాన్ని మరిపించాలి" అన్నారావిడ. నిద్ర అలవాట్లనీ ఆలోచనల్నీ మార్చే ఆ పద్ధతిని సీబీటీ-ఐ అంటారట. మాత్ర ఒక్కసారిగా ఆపనివ్వలేదు, వారం వారం తగ్గించారు. మీరూ సొంతంగా ఆపకండి. రాత్రి పన్నెండు దాటాకే మంచమెక్కాలి, ఐదున్నరకు లేవాలి, పగలు కునుకు తియ్యకూడదు, మధ్యాహ్నం దాటితే కాఫీ వద్దు. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే మంచం దిగిపోవాలి. మొదటి పది రోజులు నరకం. అరుగు మీద కూర్చుని చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు చీరేదాన్ని. కత్తి జారేంత తూగు వచ్చాకే లోపలికి వెళ్ళేదాన్ని. రెండు నెలలు పట్టింది. పడుకునే వేళ కూడా కొంచెం కొంచెంగా ముందుకు జరిపారు.

మా అమ్మ బూరుగు దూది పరుపుని రెండేళ్ళకోసారి విప్పించి ఏకించేది, ఎండాకాలమంతా పెరట్లో ఆరేసేది. మన డెల్టా చెమ్మకి అంత శ్రద్ధ కావాలి. నేను పంతొమ్మిదేళ్ళు దుప్పటి మారుస్తూ గడిపేశాను.

మొన్న ఏదో జామున మెలకువ వచ్చింది. గడియారం చూడలేదు. ఆయన చెయ్యి నా మణికట్టు మీద ఉంది. ఆ రేవు రాత్రి నుంచి అలాగే పట్టుకుని పడుకుంటున్నారు. మళ్ళీ ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.