సర్వీస్ తర్వాత ఐడ్లింగ్ చెడింది, చివరికి ఎలా సెట్ అయ్యిందంటే

నా కారుకి చేయించింది మామూలు సర్వీసే, పెద్ద పనేం కాదు. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేశారు, థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి పోయే గాలిని ఒక ప్లేటుతో అదుపు చేసే భాగం) పేరుకున్న కార్బన్ మొత్తం క్లీన్ చేశారు. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు బండికి ఏ రోగమూ లేదు. తెచ్చుకుంటుంటే మొదటి సిగ్నల్ దగ్గరే న్యూట్రల్‌లో పెట్టగానే ఆర్‌పీఎం ముల్లు 1500 దగ్గర నిలబడిపోయింది, కాసేపటికి 900కి జారింది, మళ్ళీ లేచింది, అలా ఊగుతూనే ఉంది. నా బండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, 700-750 మధ్య కదలకుండా ఉండేది. చెక్ ఇంజన్ లైట్ మాత్రం వెలగలేదు.

సర్వీస్ చేసినవాళ్ళకి ఫోన్ చేస్తే "కొన్నాళ్ళు నడపండి సార్, అదే సెట్ అయిపోద్ది" అన్నారు. కోపం వచ్చింది గానీ ఆ మాటలో సగం నిజం ఉంది. ఎందుకంటే ఇప్పటి చాలా కార్లలో థ్రాటిల్‌కి కేబుల్ ఉండదు, మోటారే తిప్పుతుంది, ఎంత తెరవాలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చెబుతుంది. లోపల కార్బన్ పట్టేకొద్దీ గాలి దారి సన్నబడుతుంది కదా, అందుకని ఈసీయూ ఐడ్లింగ్‌లో ప్లేటుని కొంచెం కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుంటూ వస్తుంది. ఒక్కసారిగా దాన్ని తళతళా తోమేస్తే దారి పెద్దదైంది, ఈసీయూ లెక్క మాత్రం పాతదే, అంతే కొలతలో తెరిస్తే గాలి ఎక్కువ దూరి ఆర్‌పీఎం లేస్తుంది. దీనికి ఐడిల్ రీలెర్న్ అని, అంటే ఈసీయూకి ఐడ్లింగ్ లెక్క మళ్ళీ నేర్పే ఒక పద్ధతి ఉంటుంది. ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి స్కానర్ కావాల్సిందే, నా బండికి ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ, లైట్లు అన్నీ ఆపేసి, ఇంజన్ ఆఫ్ చేసి, మాన్యువల్‌లో రాసిన వరసలో కీ ఆన్ ఆఫ్ చేసి కదలకుండా వదిలేయాలి. బ్యాటరీ తీసి పెడితే చాలు అని చాలామంది చెప్తారు, కొన్ని బళ్ళలో దానివల్ల నేర్చుకున్నవి కూడా పోయి ఇంకా గందరగోళం అవుతుంది, కాబట్టి ముందు మాన్యువల్ చూడండి.

రీలెర్న్ చేశాక 1500 పోయింది, 850 దగ్గరకొచ్చింది. హమ్మయ్య అనుకున్నా. కానీ ఇంజన్ సన్నగా మిస్సింగ్ కొడుతూనే (తడబడుతూనే) ఉంది, స్టీరింగ్‌లో వణుకు తెలుస్తోంది. కొన్నాళ్ళకి చెక్ ఇంజన్ లైట్ కూడా వెలిగింది. ఈసీయూలోని తప్పుల కోడ్లు చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే పీ0171 అనే కోడ్, అంటే బ్యాంక్ 1లో (సిలిండర్ల మొదటి వరస) మిశ్రమం లీన్‌గా ఉంది, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ.

ఇక్కడ సలహాలు మొదలయ్యాయి. ఒకరు ఇంజెక్టర్లు క్లీన్ చేయించమన్నారు, ఇంకొకరు థ్రాటిల్ బాడీనే మార్చేయమన్నారు, ఫ్యూయల్ పంపు దాకా వెళ్ళారు. సర్వీస్‌కి ముందు రోజు దాకా బాగున్న పంపు సరిగ్గా సర్వీస్ రోజే ఎందుకు పోతుంది చెప్పండి?

నాకు దారి చూపించింది ఫ్యూయల్ ట్రిమ్ రీడింగులు. ఈసీయూ తన అసలు లెక్క మీద పెట్రోల్ ఎంత కలుపుతోందో ఎంత తగ్గిస్తోందో ఇవి పర్సంటేజీల్లో చూపిస్తాయి, సున్నాకి దగ్గర ఉంటే ఆరోగ్యం. నాకు ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ కొంతకాలంగా నేర్చుకున్న సవరణ) ప్లస్ 18 చూపిస్తోంది, యాక్సిలరేటర్ తొక్కి 2500 దగ్గర పట్టుకుంటే ప్లస్ 4కి దిగుతోంది. పంపు బలహీనపడితే మామూలుగా దీనికి తిరగబడి ఉంటుంది, రేస్ చేసేకొద్దీ లీన్ పెరుగుతుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువ, పైన తక్కువ అంటే ఎక్కడో దొంగగాలి దూరుతోందని, అంటే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ దాటాక ఏదో సందులోంచి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు లోపల వాక్యూమ్ ఎక్కువ కాబట్టి ఆ చిన్న సందే పెద్ద వాటా అవుతుంది, తెరిచాక మొత్తం గాలిలో అది లెక్కకి రాదు.

ఇంక కొత్త పార్టుల జోలికి పోకుండా సర్వీస్‌లో చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో అవే వరసగా చూసుకుంటూ పోయా. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు బానే ఉన్నాయి, అక్కడినుంచి థ్రాటిల్ దాకా వచ్చే రబ్బరు డక్ట్ క్లాంపు బిగుతుగా ఉంది, ఆయిల్ క్యాప్ సరిగ్గా తిరిగింది, డిప్‌స్టిక్ పూర్తిగా దిగింది (నవ్వకండి, కొన్ని ఇంజన్లలో ఇవి లూజుగా ఉన్నా ఐడ్లింగ్ చెడుతుంది). మాఫ్ సెన్సర్ సాకెట్ కూడా టిక్ మని పడే ఉంది. మిగిలింది థ్రాటిల్ బాడీ వెనకాల వేలు కూడా సరిగ్గా దూరని చోట వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) నుంచి మ్యానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) పోయే పీసీవీ హోస్, అంటే ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ గాలి దారిలోకి పంపే రబ్బరు గొట్టం. టార్చ్ వేసి చూస్తే హోస్ దాని గొట్టం మీదకి సగమే ఎక్కింది, స్ప్రింగ్ క్లిప్ జాయింట్ మీద కాకుండా అంగుళం పైన ఊరికే హోస్ మీద కూర్చుని ఉంది. చెవి దగ్గరగా పెడితే సన్నగా బుస్సుమంటోంది. బొటనవేలితో హోస్‌ని లోపలికి నొక్కి పట్టుకున్నా, ఆ వణుకు ఠక్కున ఆగిపోయింది, వదిలితే మళ్ళీ మొదలు. రెండుమూడుసార్లు అలా నొక్కి వదిలి చూశా, దొరికిన ఆనందం అలాంటిది మరి.

ఈ లీకు వెతకడానికి చాలామంది కార్బ్ క్లీనర్ స్ప్రే కొడతారు, ఆర్‌పీఎం మారిన చోట లీకు అన్నమాట. పని చేస్తుంది గానీ వేడి ఇంజన్ మీద అది అంటుకునే సరుకు, నాకైతే ధైర్యం చాలలేదు.

ఇంజన్ చల్లారాక హోస్ తీసి చూస్తే చివర గట్టిపడి చిన్న పగులు కూడా వచ్చింది, బహుశా అందుకే పూర్తిగా ఎక్కలేదు. కొత్తది తెచ్చి వేశా, ప్లయర్‌తో క్లిప్ జరిపి సరైన చోట కూర్చోబెట్టా, కోడ్ క్లియర్ చేసి రీలెర్న్ మళ్ళీ చేశా. లీకు ఉన్నప్పుడు నేర్చుకున్న లెక్క ఇప్పుడు పనికిరాదు కదా. ఇప్పుడు ట్రిమ్ ప్లస్ మైనస్ 3 లోపే తిరుగుతోంది, ఐడ్లింగ్ 720. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు మాత్రం 1200 పైకి పోతుంది, వేడెక్కేకొద్దీ దానంతటదే దిగుతుంది, అది ఎప్పుడూ ఉండేదే, దానికి మళ్ళీ బానెట్ ఎత్తక్కర్లేదు.