పిల్లల ముక్కు ఆపరేషన్: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

మా అబ్బాయికి ముక్కు దూలం వంకరగా ఉందని చెప్పిన ఈఎన్‌టీ డాక్టరే ఆపరేషన్ మాత్రం ఇప్పుడే వద్దన్నారు. సమస్య ఉందని తెలిశాక ఇంకా ఆగడమెందుకని ఇంట్లో అందరికీ టెన్షనే. ఆ కారణం తెలిస్తే చాలామంది తల్లిదండ్రులకు ఊరటగా ఉంటుందని ఇది రాస్తున్నా.

దూలం అంటే ముక్కులో రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ. అందులో ముందు భాగం మృదులాస్థి, చెవి డొప్పలా వంగే మెత్తటిది. ముక్కు, పై దవడ ఎదగడానికి పిల్లల్లో అదే పెద్ద ఆసరా. చిన్నప్పుడే అందులో ఎక్కువ తీసేస్తే ముఖం మధ్య భాగం ఎదుగుదల దెబ్బతినొచ్చు, అందుకే సెప్టోప్లాస్టీని, అంటే వంకర దూలాన్ని సరిచేసే ఆపరేషన్‌ని, మామూలుగా టీనేజ్ చివరి దాకా, అంటే ఆడపిల్లలకు 16, మగపిల్లలకు 17-18 ఏళ్ల దాకా వాయిదా వేస్తారు. ఊపిరి సరిగ్గా ఆడనంత వంకర ఉంటే మాత్రం అంతకంటే ముందే, మృదులాస్థిని వీలైనంత కాపాడుతూ, అవసరమైన మేరకే సరిచేస్తారు.

అయినా ముక్కు మూసుకుపోవడానికి ప్రతిసారీ దూలమే కారణం కాదు. నోరు తెరిచి పడుకుంటూ గురక పెట్టే చిన్నపిల్లల్లో చాలాసార్లు అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైన ఉండే మెత్తటి కండలు) వాచి ఉంటాయి. అవి పెద్దయ్యేకొద్దీ కుంచించుకుపోతాయి కాబట్టి మొదట ముక్కులో స్ప్రే వాడి చూడమంటారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాత్రం తీసేయమనే చెప్తారు. అది నోట్లోంచే చేస్తారు, బయట కోతా కుట్లూ ఏమీ ఉండవు.

ఇక అస్సలు ఆగకూడనిది ఒకటుంది, దీని గురించే నాకు ఎక్కువ భయం. ముక్కుకు దెబ్బ తగిలితే మనం రక్తం ఆగిందా, ఎముక విరిగిందా అనే చూస్తాం. లోపల మధ్య గోడకూ దాని పైపొరకూ మధ్య రక్తం గడ్డకట్టడాన్ని సెప్టల్ హెమటోమా అంటారు, అది ఎక్స్‌రేలో తెలియదు. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైపొర నుంచే పోషణ అందాలి. రక్తం చేరి ఆ పొర ఊడివస్తే రెండు మూడు రోజుల్లోనే మృదులాస్థి చచ్చుబడొచ్చు, చీము పట్టొచ్చు, తర్వాత ముక్కు మధ్యలో కుంగిపోతుంది. టార్చ్ వేసి చూస్తే మధ్య గోడ మీద ఎర్రగానో ఊదాగానో మెత్తటి ఉబ్బు కనిపిస్తుంది, ఒక్కోసారి రెండు వైపులా. దెబ్బ తగిలాక ముక్కు బాగా మూసుకుపోయినా, నొప్పి పెరుగుతున్నా, మీకు ఏమీ కనిపించకపోయినా సరే, అదే రోజు డాక్టర్‌కు చూపించండి. చిన్న గాటు పెట్టి ఆ రక్తాన్ని తీసేస్తారు. విరిగిన ఎముక కూడా పిల్లల్లో త్వరగా అతుక్కుంటుంది, కాబట్టి వాపు తగ్గాక నాలుగైదు రోజుల్లో మళ్లీ చూపించి, వంకర ఉంటే వారం పది రోజుల లోపే సరిచేయించాలి.

ఇంకో విషయం, బటన్ బ్యాటరీ, అంటే వాచీల్లో, బొమ్మల్లో ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ. పిల్లలు ముక్కులో పెట్టుకున్నారని అనుమానం వస్తే చుక్కల మందులేవీ వేయకండి, తడి తగిలితే లోపల ఇంకా కాలుతుంది. గంటల్లోనే మధ్య గోడకు చిల్లు పడే ప్రమాదం ఉంది, అర్ధరాత్రైనా సరే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.