మీ బలహీనత ఏమిటి? – బ్యాంకు ఇంటర్వ్యూలో నా అనుభవం

బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ ఉద్యోగం కోసం ఐబీపీఎస్ అనే నియామక సంస్థ పెట్టే పరీక్షలు రాసి నేను రెండుసార్లు ఇంటర్వ్యూ వరకు వెళ్లాను. మొదటిసారి వందకు 41 మార్కులు వచ్చాయి. జనరల్ అభ్యర్థికి 40 వస్తే అర్హత ఉంటుంది కాబట్టి అక్కడికి గట్టెక్కాను గాని, మెయిన్స్ రాత పరీక్షకు 80, ఇంటర్వ్యూకు 20 వంతున కలిపి వేసే తుది జాబితాలో నా పేరు లేదు. మరుసటి ఏడాది ఇంటర్వ్యూలో 68 వచ్చాయి. ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేశారో అభ్యర్థికి తెలియజేయరు గనుక, ఈ తేడా అంతా ఒక్క ప్రశ్న వల్లనే వచ్చిందని నేను అనలేను. అయితే రెండు సందర్భాల్లోనూ బోర్డువారు నా వైపు చూసే తీరు మారింది మాత్రం బలహీనత గురించి అడిగిన తరువాతనే.

మొదటి ప్రయత్నానికి నేను నంద్యాలలో కోచింగ్ తీసుకున్నాను. చివరి వారంలో మాకొక జిరాక్స్ కాగితం ఇచ్చారు. అందులో పది బలహీనతలు, ఒక్కొక్కదాని పక్కనే అది నిజానికి ఎంత గొప్ప గుణమో చెప్పే వాక్యం ఉన్నాయి. నేను అందులోంచి 'ప్రతి పనీ లోపం లేకుండా చేయాలనుకుంటాను, అందువల్ల ఆలస్యమవుతుంది' అన్నదాన్ని ఎంచుకుని ఇంగ్లీషులో కంఠతా పట్టాను. బోర్డులో ఐదుగురు ఉన్నారు. నేను గడగడా అప్పజెప్పగానే ఎడమవైపు చివర కూర్చున్న పెద్దాయన, "అలా ఆలస్యమైన పని ఒకటి చెప్పండి" అన్నారు. కాగితంలో అంతవరకు లేదు. అప్పటికప్పుడు కాలేజీ ప్రాజెక్టు ఒకటి కల్పించాను. ఎన్ని రోజులు ఆలస్యమైందని, దానివల్ల మార్కులేమైనా తగ్గాయా అని ఆయన అడిగారు. మంచి మార్కులే వచ్చాయని నేను గర్వంగా చెప్పాను. "అలాగైతే అది బలహీనత ఎలా అయింది?" అని ఆయన ఎంతో మెల్లగా అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. బయటికి వచ్చి మాటల్లో పడితే, నాతోపాటు వచ్చిన మరో ఇద్దరు కూడా అదే జవాబు చెప్పినట్టు తెలిసింది. ఆ ఒక్క ఉదయం ఆ బోర్డు ఎంతమంది లోపరహితుల్ని భరించిందో!

ఆ తరువాత కర్నూలులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేసే పనిలో చేరి, పని చేసుకుంటూనే మళ్లీ పరీక్ష రాశాను. ఈసారి కాగితం జోలికి పోకుండా, నా బలహీనత ఏమిటో నన్నెరిగినవాళ్లనే అడగాలనుకుని ముందుగా మా అమ్మను అడిగాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పప్పులో ఉప్పు వేశావా అని అడిగితే వేశానంటావు, నేను అటు తిరగగానే వెళ్లి వేస్తావు" అంది. నవ్వుకున్నాను గాని, రాత్రి పడుకున్నాక ఆ మాట కారు బిల్లు సంగతిని గుర్తుకు తెచ్చింది.

ఆఫీసులో చేరిన కొత్తలో, సిమెంటు వ్యాపారం చేసే మా క్లయింటు ఒకరు ఐదు సీట్ల కారు కొని, బిల్లును మిగతా కొనుగోలు బిల్లులతో కలిపి పంపారు. మనుషుల ప్రయాణానికి వాడే, డ్రైవరుతో కలిపి 13 మందికి మించి పట్టని వాహనంపై కట్టిన పన్నుకు, కొన్ని మినహాయింపులు తప్ప, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదని చట్టంలో ఉంది. అలాంటివాటిని బ్లాక్డ్ క్రెడిట్లు అంటారు. ఆ సంగతి నాకు తెలియదు. రిటర్ను వేసే ముందు ఆడిటర్ గారు "బ్లాక్డ్ క్రెడిట్లు చూశావా?" అని అడిగినప్పుడు, ఆ మాటకు అర్థమేమిటో సాయంత్రం ఇంటికి వెళ్లి చదువుకోవచ్చులే అనుకుని "చూశాను సార్" అన్నాను. ఆ సాయంత్రం చదవలేదు. మూడు నెలల తరువాత ఆయనే పట్టుకున్నారు. అప్పటికే వాడేసుకున్న క్రెడిట్ లక్షా డెబ్బై వేల పైచిలుకును 18 శాతం వడ్డీతో తిరిగి కట్టవలసి వచ్చింది. ఏడు వేలు దాటిన ఆ వడ్డీని ఆయన తన జేబులోంచి కట్టారు, క్లయింటుకు స్వయంగా ఫోన్ చేసి తప్పు తమదేనని చెప్పారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనిపించింది.

అంటే నా బలహీనత చట్టం తెలియకపోవడం కాదు, అడిగినప్పుడే తెలియదని ఒప్పుకోలేకపోవడం. దీన్ని బ్యాంకువాళ్ల ముందు చెప్పవచ్చా అని చాలా తర్కించుకున్నాను. డబ్బు లెక్కలో తడబడతాననో, జనంతో మాట్లాడితే కోపం వస్తుందనో చెబితే ఆ ఉద్యోగానికే పనికిరానని చెప్పుకున్నట్టు అవుతుంది. ఇదీ చిన్నదేమీ కాదు, కానీ దీన్ని సరిదిద్దుకోవడానికి నేను అప్పటికే ఒక పని చేస్తున్నాను. బల్ల మీద పెట్టుకున్న నోటు పుస్తకంలో సందేహాలను వచ్చినవి వచ్చినట్టు రాసి, రోజూ నాలుగు గంటలకు ఆడిటర్ గారి ముందు పెట్టేదాన్ని. అందుకని ఇదే చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఈసారి వాక్యాలు కంఠతా పట్టలేదు, జరిగిన క్రమాన్ని మాత్రం గుర్తుంచుకున్నాను.

రెండో ఇంటర్వ్యూ కూడా ఇంగ్లీషులోనే జరిగింది. ప్రశ్న ఊహించినట్టే వచ్చింది, కారు సంగతి రెండు నిమిషాల్లో చెప్పాను. వెంటనే ఒకరు, ఆ కారు కొన్నది డ్రైవింగ్ స్కూలువారైతే ఏమయ్యేదని అడిగారు. డ్రైవింగ్ నేర్పడానికి వాడితే క్రెడిట్ తీసుకోవచ్చని చెప్పగలిగాను, ఎందుకంటే ఆ సెక్షన్ నాకు ఇక ఈ జన్మలో మరపు రాదు. "మరి ఆ అలవాటు పోయిందా?" అని చైర్మన్ గారు అడిగారు. పూర్తిగా పోలేదని, నోరు ఇప్పటికీ ముందు 'తెలుసు' అనే అనబోతుందని, అయితే ఇప్పుడు అదే రోజు వెనక్కి వెళ్లి దిద్దుకుంటున్నానని చెప్పాను.

ఆయన చిన్నగా నవ్వి, పంట రుణం ఎప్పుడు నిరర్థక ఆస్తి, అంటే మొండి బాకీ, అవుతుందని అడిగారు. స్వల్పకాలిక పంటలైతే రెండు పంట కాలాల పాటు బాకీ ఉండిపోయినప్పుడు అని చెప్పాను. దీర్ఘకాలిక పంటలకో? 'అదే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కావాలనే అడిగారా, యాదృచ్ఛికంగా అడిగారా అన్నది నాకు ఇప్పటికీ అంతుబట్టదు. "తెలియదు సార్" అన్నాను. ఒక పంట కాలమేనని ఆయనే చెప్పి, కాగితం మీద ఏదో రాసుకున్నారు.

లేచి నిలబడ్డాక, ఆ సిమెంటు వ్యాపారి ఇంకా మీ క్లయింటేనా అని బోర్డులో ఉన్న మేడం అడిగారు. ఉన్నారని, కాకపోతే బండ్ల బిల్లులు మాత్రం నాకు పంపడం మానేసి నేరుగా ఆడిటర్ గారికే ఇస్తున్నారని చెప్పాను. ఐదుగురూ నవ్వారు. నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.