మూత వేసినా నిద్రపోలేదు

గుత్తి దాటాక ఒళ్లో బ్యాగు పెనంలా కాలుతోంది. జిప్పు తీస్తే మూత వేసిన ల్యాప్‌టాప్‌లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అనంతపురంలో బస్సెక్కేటప్పుడు 80 శాతం ఉన్న చార్జింగు 11కి వచ్చేసింది. ఒకటే టెన్షన్.

కర్నూలులో గదికి చేరగానే నా ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ సెట్టింగులు చూశాను. నిద్ర రకం ఎస్2ఐడిల్ అని ఉంది. అంటే మిషన్ ఆగదు, ప్రాసెసర్ పని లేకుండా కూర్చుంటుంది, అంతే. ఏ వైఫై కార్డో కదిపితే లేచేస్తుంది.

హైబర్నేషన్ అనే ఇంకో రకం నిద్ర అలా కాదు. ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, ఉన్నదంతా డిస్కు మీద స్వాప్ అనే విడి చోటులో రాసిపెట్టి మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. నా ర్యామ్ 16 జీబీ, స్వాప్ రెండే. దాన్నీ 16కి పెంచాను. కానీ ఆ కాపీ ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే రెజ్యూమ్ పారామీటర్ ఇవ్వడం మర్చిపోయాను. పడుకోబెట్టి మళ్లీ ఆన్ చేస్తే మిషన్ మామూలుగా, మొదటినుంచీ బూట్ అయిపోయింది. తెరిచి పెట్టుకున్నవన్నీ పోయాయి. నిజంగా ఏడుపొచ్చింది.

పారామీటర్ ఇచ్చి మళ్లీ పడుకోబెట్టాను. భోంచేసి వచ్చి ఆన్ చేస్తే, సగం రాసిన వాక్యం దగ్గరే కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉంది. ఎంత సంతోషమో!

ఎల్లుండి మళ్లీ అదే బస్సు. బ్యాగు చల్లగా ఉంటే చాలు.