కొలనుపాకలో రాళ్ళ మధ్య ఓ పూట

కొలనుపాక అనగానే అందరూ జైన మందిరం గురించే చెబుతారు. నిజమే, మాణిక్యస్వామి అని పిలుచుకునే ఆ ఆదినాథుడి విగ్రహం చూసి తీరాల్సిందే. కానీ చాలామంది అది చూసుకుని అటు నుంచి అటే బండెక్కేస్తారు. అదే ఊళ్ళో సోమేశ్వరాలయం ఆవరణలో పురావస్తు శాఖ మ్యూజియం ఒకటుంది. నేను వెళ్ళిందే దానికోసం.

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డులో భువనగిరి దాటాక ఆలేరు, అక్కడి నుంచి లోపలికి ఆరేడు కిలోమీటర్లు, అంతే. మా బావమరిది కారు తీశాడు. "రాళ్ళే కదా బావా, ఎంతసేపు పడుతుంది?" అని దార్లోనే అడిగాడు పాపం.

అద్దాల బీరువాలూ ఏసీ గదులూ ఊహించుకుని వెళ్ళకండి. గుడి మండపాలే మ్యూజియం. చాళుక్యుల కాలం, కాకతీయుల కాలం శిల్పాలు, శాసనాలు, జైన తీర్థంకరులు, శైవ విగ్రహాలు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. నాకు బాగా నచ్చింది వీరగల్లు, అంటే యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. కింది అరలో యుద్ధం, దానిపైన చనిపోయిన వీరుణ్ణి చెరోవైపు పట్టుకుని తీసుకుపోతున్న అప్సరసలు, అన్నిటికంటే పైన శివలింగం ముందు కూర్చున్న అదే మనిషి. ముఖం అరిగిపోయింది గానీ కత్తి పట్టిన చెయ్యి మాత్రం ఇంకా బిగువుగానే ఉంది. పాత శాసనాల్లో చాలావరకు కన్నడం, ఎందుకంటే ఇది కల్యాణి చాళుక్యుల ముఖ్యపట్టణాల్లో ఒకటి. అయినా అక్కడక్కడా ఓ 'ర', ఓ 'మ' మనవాటిలాగే కనబడుతుంటే, చదవడం రాకపోయినా వదిలిపెట్టి కదలబుద్ధి కాదు.

అసలు ఈ ఊరు పుస్తకాల్లోకి ఎన్ని దారుల్లో ఎక్కిందో చూడండి. రాజేంద్ర చోళుడి విజయాలను పొగిడే తమిళ ప్రశస్తిలో, ఆయన గెలిచిన ఊళ్ళ వరుసలో, కొళ్ళిప్పాక్కై అని ఉన్నది ఇదే. వీరశైవుల 'సిద్ధాంత శిఖామణి' ప్రకారం వాళ్ళ గురువు రేణుకాచార్యుడు పుట్టింది ఈ సోమేశ్వర లింగం నుంచే, అందుకే కర్ణాటక నుంచి భక్తులు ఇప్పటికీ వస్తుంటారు. ఇక కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడి కొడుకు కుమార సోమేశ్వరుడు యువరాజుగా ఈ ప్రాంతాన్ని ఏలాడు. తర్వాత మూడో సోమేశ్వరుడుగా గద్దెనెక్కి 'మానసోల్లాసం' రాయించింది, లేదా రాసింది, ఆయనే. వంద అధ్యాయాల సంస్కృత గ్రంథం, రాజనీతి నుంచి ఏనుగులు, సంగీతం, వంటల దాకా అన్నీ ఉంటాయి. అందులో ఇడ్డరిక అని మినప్పిండి వంటకం ఒకటుంది, బియ్యం ఊసే లేదు, ఇడ్లీ చరిత్ర రాసేవాళ్ళంతా దాన్ని తప్పకుండా తలుచుకుంటారు. ఈ ముక్క చెప్పాకే మా బావమరిదికి మ్యూజియం మీద కాస్త గురి కుదిరింది. "అయితే ఇడ్లీల రాజు మన ఆలేరు దగ్గరే ఉండేవాడన్నమాట" అని తేల్చేశాడు. పూర్తిగా ఒప్పుకోలేను గానీ, పూర్తిగా కాదనడానికీ మనసు రాలేదు.

నన్నడిగితే ముందు సోమేశ్వరాలయానికి వెళ్ళండి, జైన మందిరం తర్వాత. ఎండెక్కితే రాతి మీద అక్షరాలు సరిగ్గా కనపడవు, పొద్దున ఏటవాలు వెలుతురులోనే గీతలు తేటగా తెలుస్తాయి. రైల్లో వచ్చేవాళ్ళు ఆలేరులో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు.