లాల్‌బాగ్ కాగితం: మా గులాబీ ఎర్రగడ్డలు చెన్నై రేవు దాటిన కథ

2023 ఆగస్టు 19న కేంద్రం ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసింది. ఆ రాత్రే చింతామణి పక్కన మా ఊరి నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. "ఏమిరా, టీవీలో ఏందో చెప్తాండారు. మన గడ్డలు ఇంకో నెలకు పీకల్ల. ఏం చేసేది?" నా దగ్గర జవాబు లేదు.

మాది చిక్కబళ్లాపురం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఉల్లిని మేం ఎర్రగడ్డ అంటాం. నేను బెంగళూరులో ఉంటూ, మా చుట్టుపక్కల పది పన్నెండు మంది రైతుల పంట కలిపి మలేషియాకు పంపుతుంటాను. పంపేది ఒకటే సరుకు, బెంగళూరు రోజ్ ఆనియన్ అని పేరున్న గులాబీ ఉల్లి. చిన్న గడ్డ, చదునైన అడుగు, ముదురు ఎరుపు, కోస్తే ముక్కుకెక్కే ఘాటు. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో పండుతుంది. 2015లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పేరులో బెంగళూరు ఉన్నా బెంగళూరు వంటిళ్లలో ఇది పెద్దగా కనపడదు. మలేషియా, సింగపూర్, ఇండోనేషియా, శ్రీలంక వాళ్లు తింటారు. నాసిక్ ఉల్లికి ఓడ దారి మూసుకుపోయినా దేశంలో కొనేవాళ్లుంటారు. మా గడ్డకు ఉన్నదే ఆ దారి. ఇక్కడి వినియోగదారుడికి ధర దిగాలని వేసిన సుంకం, ఇక్కడ దాదాపు ఎవరూ కొనని గడ్డ మీద పడితే దిగేది రైతు ధర ఒక్కటే. ఆ నెలంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. లక్ష రూపాయల సరుకుకు 40 వేలు సుంకం కట్టి పంపితే కొనేవాడు ఆ భారాన్ని నా మీదకు తోస్తాడు, నేను చిన్నాయన మీదకు తోయాలి. అది నా చేత కాదు.

సెప్టెంబర్ 29న మినహాయింపు వచ్చింది. షరతు ఒకటే. పంపేది గులాబీ ఉల్లేనని, ఇంత పరిమాణమని కర్ణాటక ప్రభుత్వ ఉద్యాన కమిషనర్ ధ్రువీకరించిన సర్టిఫికెట్ ఉండాలి.

విదేశీ వ్యాపారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితాలోని 41వ అంశం. సుంకం వేసేదీ ఢిల్లీయే, తీసేదీ ఢిల్లీయే. రాష్ట్రానికి అందులో మాట లేదు. కానీ చెన్నై రేవులో కంటైనర్ ముందు నిలబడిన కస్టమ్స్ అధికారికి ఆ గడ్డ చింతామణిదో కాదో ఎలా తెలియాలి? అది తెలిసినవాళ్లు రాష్ట్ర ఉద్యాన శాఖలో ఉన్నారు. పొలం దగ్గర వాళ్లు చూసిందే రేవులో చెల్లుబాటవుతుంది. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 2020 సెప్టెంబర్‌లో ఉల్లి ఎగుమతి నిషేధించిన తర్వాత, అక్టోబర్‌లో గులాబీ ఉల్లి 10 వేల టన్నులు, మన కడప వైపు పండే కృష్ణాపురం ఉల్లి 10 వేల టన్నులు చెన్నై రేవు నుంచి మాత్రమే పంపుకోవచ్చన్నారు. అప్పుడు మాకు ఉద్యాన కమిషనర్ సర్టిఫికెట్, కృష్ణాపురం గడ్డకు కడపలోని ఉద్యాన శాఖ సహాయ సంచాలకుల సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. కడప రైతులకు ఈ తిప్పలు తెలిసే ఉంటాయి.

ఎగుమతికి మామూలుగా ఉండాల్సినవి నాకు ముందే ఉన్నాయి. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకిచ్చే కోడు, మన పాన్ నంబరే, 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లో వస్తుంది. వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడాలో రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కొత్తగా కూర్చుకోవాల్సింది పొలం లెక్క. ఏ రైతు, ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎంత దిగుబడి అన్నీ రాసి, పహణి నకళ్లు, మలేషియా వ్యాపారి ఆర్డరు జతచేసి 28 టన్నులకు అర్జీ తయారు చేశాను. 40 అడుగుల రీఫర్, అంటే లోపల చల్లగా ఉంచే కంటైనర్‌కు సరిపడే సరుకు అది.

పొలం చూడటానికి తాలూకా ఉద్యాన శాఖ నుంచి ఒక మేడం వచ్చారు. మా వైపు ఆ శాఖను తోటగారికె ఇలాఖా అంటారు. పేపర్ల మీద సంతకం పెట్టి వెళ్లిపోతారనుకున్నాను. ఆమె ఎండబెట్టిన కుప్ప దగ్గర గొంతుకూర్చుని, పైన ఉన్నవి పక్కకు జరిపి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగు గడ్డలు తీశారు. ఒకదాన్ని బోర్లించి అడుగు చదునుగా ఉందో లేదో వేలితో తడిమారు. ఇంకోదాన్ని కొడవలితో రెండు చేసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిమ్మదే," అన్నారు నవ్వుతూ, కన్నడలో. మీదే అని.

"మాది కాక ఎవరిది తల్లీ," అన్నాడు చిన్నాయన.

పక్క కుప్పలో మాత్రం నాలుగైదు పెద్ద గడ్డలు కనిపించాయి. వేరే రకం, నారు కలిసిపోయి ఉంటుంది. అవి ఏరేసేదాకా ఆ కుప్పను లెక్కలోకి తీసుకోనన్నారు. చిన్నమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని మధ్యాహ్నం దాకా ఏరారు. ఆమె కదల్లేదు. ఆ రోజు నాకు ఆ కాగితం మీద గౌరవం కుదిరింది.

ఆ నివేదిక పట్టుకుని లాల్‌బాగ్‌లోని ఉద్యాన శాఖ కార్యాలయానికి వెళ్లాను. చిన్నప్పటి నుంచి పూల ప్రదర్శనకే వెళ్లిన తోట, ఈసారి చంకలో ఫైలు. అక్కడ పని సాఫీగా జరిగింది. సర్టిఫికెట్‌లో సరుకు పేరు, పరిమాణం రెండూ స్పష్టంగా ఉన్నాయి.

తప్పు చేసింది నేను. లోడింగ్ రాత్రి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు చెన్నైలోని కస్టమ్స్ బ్రోకరుకు వాట్సాప్ చేశాను. రాయపురంలో ఉండే తెలుగువాడు, పదేళ్లుగా ఓడ కాగితాలే ఆయన బతుకు. పది నిమిషాల్లో ఫోన్.

"అన్నా, ఇన్వాయిస్‌లో ఫ్రెష్ రెడ్ ఆనియన్ అని ఉందేంది? సర్టిఫికెట్‌లో బెంగళూరు రోజ్ ఆనియన్. ఇట్లా ఫైల్ చేస్తే మినహాయింపు రాదు."

పాత నమూనా తెరిచి తేదీ, బరువు మార్చాను గానీ సరుకు పేరు చూడలేదు. ఆ ఒక్క పదానికి 40 శాతం. ఆయనే ఇంకో మాట అడిగాడు, "సంచులు 2,856 అని ఉంది. 10 కిలోల లెక్కన 28 టన్నులు దాటింది కదా?" దారిలో గడ్డ ఆరి తూకం తగ్గుతుందని మేం ఎప్పుడూ వందకు 2 సంచులు ఎక్కువ వేస్తాం. అలవాటుగా ఈసారీ వేశాం. సర్టిఫికెట్‌లో ఉన్నదానికన్నా ఒక్క కిలో కూడా ఎక్కువ పోకూడదన్నాడు.

అప్పటికి కంటైనర్ తలుపు వేసేశారు. హమాలీలు మళ్లీ తెరిచి, తలుపు దగ్గరి 56 జాలీ సంచులు ఒక్కొక్కటే దించారు. ఎవరూ విసుక్కోలేదు. చిన్నాయన టార్చి పట్టుకుని గట్టిగా లెక్కపెడుతుంటే, నేను లారీ బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి ఇన్వాయిస్ మళ్లీ రాశాను. తెల్లవారుజామున బండి కదిలింది.

రేవు దగ్గర ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఉద్యాన కమిషనర్ సర్టిఫికెట్ కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-సంచిత్‌లో ఎక్కించి, షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి పత్రం వేశారు. సుంకం గడిలో సున్నా. లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, అంటే సరుకు పంపుకోవచ్చన్న కస్టమ్స్ అనుమతి, వచ్చిందని బ్రోకరు ఫొటో పంపితే దాన్ని చిన్నాయనకు పంపాను. ఆయనకు చదవరాదు. "సున్నా ఏడుందో చూపించు," అని చిన్నమ్మతో వేలు పెట్టించుకున్నాడట.

రెండో కంటైనర్‌కు పొలాలు చూసుకుంటుండగా డిసెంబర్ 8న ఉల్లి ఎగుమతి మొత్తం నిషేధించారు. సర్టిఫికెట్ ఇచ్చే చెయ్యి ఉన్నా తీసుకునే రేవు లేదు. ఆ పంట ఊళ్లోనే ఎంతకో అంతకు పోయింది. ఇద్దరు రైతులు తర్వాతి పంట కారులో టమాటాకు మారారు. 2024 మే 4న నిషేధం ఎత్తేసి మళ్లీ 40 శాతం సుంకం పెట్టారు, ఆ నెలాఖరుకే గులాబీ ఉల్లికి అదే సర్టిఫికెట్ షరతుతో మినహాయింపు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉల్లి ఎగుమతి సుంకమే లేదు.

కాబట్టి ఇప్పుడు సుంకం కోసం ఆ కాగితం అక్కర్లేదు. అయినా నారు పోసిన వారంలోపే సర్వే నంబరు, ఎకరాలు ఒక పుస్తకంలో రాయిస్తున్నాను. దాని నకలు తాలూకా ఆఫీసులో మేడంకు ఇచ్చి వస్తున్నాను. ఈ కారుకు 11 మంది పేర్లున్నాయి. టమాటాకు పోయిన ఇద్దరిలో ఒకాయన మొన్న వచ్చి, "నాదీ రాసుకో అబ్బీ, ముక్కాలెకరా," అన్నాడు.