మియాటాలో సిక్స్ పాయింట్ హార్నెస్: బెల్టు కన్నా ముందు చేయాల్సిన పనులు

కారు 1999 మాజ్డా మియాటా, ఎన్‌బీ మోడల్, రెండు సీట్ల కన్వర్టిబుల్. డాలస్‌లో వారమంతా ఆఫీసుకీ, ఇండియన్ స్టోరుకీ తిరిగేది ఇదే. ట్రాక్ డే ఉంటే క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ అనే రేస్ ట్రాక్‌కి వెళ్లేదీ ఇదే. రేసులేం కాదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకుని నేర్చుకునే డ్రైవింగ్. అయితే ఒకే కారు రెండు పనులూ చేయాలి కాబట్టి హార్నెస్ (భుజాలకీ, నడుముకీ, కాళ్ల మధ్యా పట్టీలుండే రేసు బెల్టు) విషయం చిక్కుగా మారింది. పూర్తి రేసు కారైతే రూల్ బుక్ ముందు పెట్టుకుని చేసేయొచ్చు. పూర్తి రోడ్డు కారైతే ఆ ఊసే ఎత్తక్కర్లేదు.

అసలు హార్నెస్ ఎందుకంటే, పొడవైన మలుపులో ఒళ్లు పక్కకి జారుతుంది. స్టీరింగ్ తిప్పాల్సిన చేతులు దాన్నే పట్టుకుని వేలాడతాయి. ఎడమ మోకాలు తలుపుకి ఆనించి ఆనించి కందిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. సీటు రెండు మూడు గళ్లు వెనక్కి జరిపి బెల్టు పెట్టుకోవాలి. బెల్టుని ఒక్కసారి గట్టిగా లాగితే రీల్ లాక్ అవుతుంది. ఆ బిగువు వదలకుండా సీటు ముందుకి జరిపితే నడుము దగ్గర బెల్టు పట్టేస్తుంది. కొత్తగా ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి నేను ముందు ఇదే చెప్తాను. చాలామందికి ఇంతకు మించి అక్కర్లేదు కూడా.

దీని తర్వాత అందరి చూపూ పడేది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఫోర్ పాయింట్ బెల్టు మీద. రెండు భుజాలకి రెండు పట్టీలు, నడుముకి రెండు, మధ్యలో బకిల్. గుద్దుకున్నప్పుడు మనిషి ముందుకి తోసుకెళ్తే భుజాల పట్టీలు బకిల్‌ని పైకి లాగుతాయి. దాంతో నడుము బెల్టు తుంటి ఎముకల మీద నుంచి మెత్తటి కడుపు మీదకి ఎక్కుతుంది. మనిషి కింద నుంచి ముందుకి జారిపోతాడు. దీన్నే సబ్‌మెరైనింగ్ అంటారు. సిక్స్ పాయింట్‌లో అదనంగా కాళ్ల మధ్య నుంచి వచ్చే రెండు పట్టీలు బకిల్‌ని కిందికి పట్టి ఉంచడానికే ఉన్నాయి. ష్రాత్ కంపెనీ ఏఎస్ఎం పేరుతో కొన్ని ఫోర్ పాయింట్ బెల్టుల్లో ఒక భుజం పట్టీకి కుట్టు విడిపోయే మడత పెడుతుంది. ఒళ్లు కొంచెం తిరిగి, జారడం ఆగుతుంది. అలాంటి ఏర్పాటు లేని మామూలు ఫోర్ పాయింట్‌ని ఫ్యాక్టరీ సీటుకి కట్టడం అంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఫ్యాక్టరీ త్రీ పాయింట్ బెల్టు (కారుతో వచ్చే మామూలు బెల్టు), సీటు, ఎయిర్‌బ్యాగ్ ఒకదాన్ని ఒకటి లెక్కలో పెట్టుకుని చేసినవి. వాటిలో ఒక్కటి పీకేస్తే మిగతా రెండింటి లెక్క తప్పుతుంది.

రెండో సంగతి కారు బోల్తా పడటం. త్రీ పాయింట్ బెల్టులో ఒంటి పైభాగం కొంచెం పక్కకి వాలగలదు. హార్నెస్‌లో మనిషి నిటారుగా మేకు కొట్టినట్టు ఉండిపోతాడు, నలిగే పైకప్పు నేరుగా తల మీదకి వస్తుంది. మియాటాకి కప్పు కూడా లేదు, గుడ్డ తప్ప. కాబట్టి నా లెక్కలో వరస ఇది: రోల్ బార్ (బోల్తా పడితే తలని కాపాడే, సీట్ల వెనక స్టీల్ గొట్టం), దాని తర్వాత సీటు, ఆ తర్వాతే బెల్టు.

రోల్ బార్

భుజాల పట్టీలు చుట్టడానికి అడ్డ గొట్టం ఉన్న హార్డ్ డాగ్ కంపెనీ బార్ తీసుకున్నాను. హార్నెస్ బార్ అనే పేరుతో రెండు పక్కల స్తంభాలకి బిగించే ఒట్టి గొట్టాలు దొరుకుతాయి. అవి పట్టీకి ఆసరా ఇస్తాయేమో గానీ బోల్తా పడితే కాపాడవు.

కార్పెట్, వెనక ప్లాస్టిక్ ట్రిమ్ తీయడానికే ఒక సాయంత్రం పోయింది. బార్ రెండు ముక్కలైతే ఎక్కించడం సులువయ్యేది, కానీ ఇది ఒకే ముక్క. ఒకరు లోపల, ఒకరు బయట ఉండి దుప్పటి పరిచి మెల్లగా దింపాలి. డ్రిల్లింగ్ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఈ కారులో పెట్రోలు ట్యాంకు సీట్ల వెనక అరుగు కిందే ఉంటుంది. డ్రిల్ బిట్‌కి స్టాపర్ కాలర్ వేసి, రేకు దాటిన వెంటనే ఆగేలా చూసుకున్నాను. ముందు చిన్న కన్నం, తర్వాత పెద్దది. ప్రతి కన్నం అంచుకీ జింక్ ప్రైమర్, పెయింట్. లేకపోతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. బ్యాటరీ ఈ కారులో డిక్కీలో ఉంటుంది. సీట్ల కింద వైర్ల కనెక్టర్ల జోలికి వెళ్లే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు ఆగాను.

బార్ మీద ప్యాడింగ్ విషయంలో పిసినారితనం వద్దు. నీళ్ల పైపులకి చుట్టే ఫోమ్ చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ తల తగిలితే అది ఉన్నా లేనట్టే. ఎస్ఎఫ్ఐ (అమెరికాలో రేసు భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) 45.1 ప్యాడ్ చేత్తో నొక్కితే గట్టిగా అనిపిస్తుంది. అది హెల్మెట్ పెట్టుకున్న తల కోసం చేసింది. రోడ్డు మీద హెల్మెట్ ఉండదు కాబట్టి సీటుని బార్‌కి వీలైనంత ముందు ఉంచాను. బార్ పెట్టుకున్న మియాటాలన్నిటికీ ఉన్న అసలు చిక్కు ఇదే, దీనికి పూర్తి పరిష్కారం లేదు.

తర్వాత చీపురు కర్ర పరీక్ష. విండ్‌షీల్డ్ పై అంచు నుంచి బార్ పైకి వంకర లేని కర్ర పెట్టి, సీట్లో హెల్మెట్‌తో కూర్చుంటే తల ఆ గీతకి 2 అంగుళాలైనా కింద ఉండాలని చాలా క్లబ్బుల నియమం. ఫ్యాక్టరీ సీటుతో నా హెల్మెట్ కర్రకి దాదాపు తగిలింది. కొత్త సీటుకి అది కూడా ఒక కారణం.

సీటు

ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ) 8855-1999 ముద్ర ఉన్న ఫైబర్‌గ్లాస్ సీటు, వెనక్కి వాలదు. భుజాలకి, నడుముకి, కింద మధ్యలో పట్టీలు దూరే రంధ్రాలన్నీ ఉన్నాయి. ఫ్యాక్టరీ సీట్లో హెడ్‌రెస్ట్ పక్కల నుంచి పట్టీలు వేస్తే అవి పక్కకి జారతాయి, కింద పట్టీకి దారే ఉండదు. మియాటాలో ఫ్యాక్టరీ బకిల్ సీటుకే బిగించి ఉంటుంది. దాన్ని కొత్త సైడ్ బ్రాకెట్‌కి మార్చి, త్రీ పాయింట్ బెల్టు సీటు పక్క రంధ్రంలోంచి ఎక్కడా రాపిడి లేకుండా నడుము కిందుగా వచ్చేలా సర్దాను. రోడ్డు మీద వాడేది అదే. హార్నెస్ పెట్టుకుంటే కూడలిలో పక్కకి వంగి చూడలేం, టోల్ దగ్గర చెయ్యి చాపలేం. విసుగొచ్చి పట్టీలు వదులు చేసుకుంటాం. వదులు హార్నెస్ కన్నా మామూలు బెల్టు వంద రెట్లు నయం.

కొలతలు, బోల్టులు

బెల్టు సిక్స్ పాయింట్, ఎఫ్ఐఏ 8853-2016. ఎఫ్ఐఏ చీటీ మీద ఏ సంవత్సరం దాకా చెల్లుతుందో ముద్రించి ఉంటుంది. ఎస్ఎఫ్ఐ 16.1 బెల్టులకి తయారైన తేదీ నుంచి 2 ఏళ్లే గడువు. డిస్కౌంట్‌లో వచ్చేవాటిలో చాలావాటికి గడువు సగం అయిపోయి ఉంటుంది, చీటీ ఫొటో అడగకుండా కొనకండి. పేరున్న బ్రాండ్లకి నకిలీలు కూడా బాగానే తిరుగుతున్నాయి.

భుజం పట్టీలు భుజం నుంచి బార్ దాకా సమతలంగానో, కాస్త కిందికి వాలుగానో వెళ్లాలి. ఎఫ్ఐఏ నియమాల ప్రకారం 45 డిగ్రీలు దాటకూడదు, 10 లోపు ఉంటే మంచిది. హ్యాన్స్ (తలనీ మెడనీ కాపాడే పరికరం) వాడేవాళ్లకి 20 లోపని తయారీదారులు చెప్తారు. వాలు ఎక్కువైతే గుద్దుకున్నప్పుడు పట్టీ మనిషిని వెనక్కి పట్టే బదులు వెన్నెముకని కిందికి నొక్కుతుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే నాది 12 చూపించింది.

బార్‌కి చుట్టేటప్పుడు మూడు కడ్డీల అడ్జస్టర్‌లోంచి పట్టీని తిరిగి వెనక్కి దూర్చాలి. కంపెనీ కాగితంలోని బొమ్మని పక్కన పెట్టుకుని చేయండి, ఒక్క దూర్పు తగ్గినా పట్టీ జారిపోతుంది. అడ్జస్టర్ బార్‌కి ఆనుకునే ఉండాలి, చివర 4 అంగుళాలైనా తోక మిగలాలి.

నడుము పట్టీకి బయటి వైపు ఫ్యాక్టరీ పాయింటే వాడాను. దాని మర 7/16-20 యూఎన్ఎఫ్, అంటే అంగుళాల కొలత. మిల్లీమీటర్ల కొలత ఎమ్12 బోల్టు చూపుకి దాదాపు అంతే ఉంటుంది, బలవంతంగా ఎక్కిస్తే మర పాడుచేస్తుంది. అందుకే ప్రతి బోల్టునీ చేత్తో చివరిదాకా తిప్పి చూశాకే రెంచ్ పట్టాను. లోపలి వైపు టన్నెల్ (రెండు సీట్ల మధ్య నేల ఉబ్బుగా ఉండే భాగం) దగ్గర కొత్త కన్నం తప్పలేదు. కారు కిందికి దూరి బ్రేకు, పెట్రోలు పైపులు ఎటు పోతున్నాయో సుద్దతో గీసుకున్నాకే డ్రిల్ తీశాను. రేకుకి అవతల వాషర్ ఒక్కటే పెడితే గుద్దుకున్నప్పుడు రేకు చింపుకుని బోల్టు బయటికొస్తుంది. ఎఫ్ఐఏ అడిగేది 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల స్టీల్ ప్లేటు. భుజం, నడుము పాయింట్లు ఒక్కోటి 1470 డెకాన్యూటన్లు, అంటే దాదాపు ఒకటిన్నర టన్నుల లాగుడు తట్టుకోవాలన్నది వాళ్ల లెక్క. ఆ అంకె చదివాక పలచటి ప్లేటు పెట్టబుద్ధి కాదు.

పట్టీ కొక్కెం తగిలించే ఐ బోల్టు (తలలో రంధ్రం ఉన్న బోల్టు) కన్ను పట్టీ లాగే దిక్కుకే చూడాలి. అడ్డంగా ఉంటే బోల్టు వంగుతుంది, పట్టీ అంచు కూడా ఒకవైపే తెగుతుంది. నడుము పట్టీ కొసలు స్ప్రింగ్ కొక్కేలవి, ప్రతి కొక్కేనికీ పిన్ను దూర్చాలి. వాటివల్ల లాభం ఏంటంటే హార్నెస్ మొత్తం విప్పి సంచిలో పెట్టుకోవచ్చు. టెక్సస్ ఎండకి పాలిస్టర్ పట్టీ రంగే కాదు, బలమూ పోతుంది.

హ్యాన్స్

ఒంటిని కదలకుండా కట్టేస్తే తల ఒక్కటే ముందుకి పోతుంది, ఆ బరువంతా మెడ మీద. 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసులో డ్రైవర్ డేల్ అర్న్‌హార్ట్ చనిపోయింది పుర్రె అడుగు ఎముక విరిగే. ఆ ఏడాదే నాస్కార్ (అమెరికా కార్ల రేసు సంస్థ) మెడ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది. నేనైతే హ్యాన్స్ లేకుండా హార్నెస్ పెట్టుకోను. మామూలు హ్యాన్స్ రెండు భుజాల పట్టీల కిందే పనిచేస్తుంది, త్రీ పాయింట్‌తో కాదు.

పెట్టుకునే వరస: ముందు నడుము పట్టీ, తుంటి ఎముకల కిందుగా, ఊపిరి బిగపట్టేంత గట్టిగా. తర్వాత కింది పట్టీలు, చివర భుజాలు. భుజాలు బిగించాక నడుము మళ్లీ ఒకసారి. అన్నీ బిగించుకుని ఇగ్నిషన్, తలుపు పిడి అందుతున్నాయో చూశాను. కళ్లు మూసుకుని ఏ చేత్తోనైనా బకిల్ తిప్పి బయటికి రావడం కూడా గ్యారేజ్‌లోనే అలవాటు చేసుకుంటున్నాను.

ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్ పోలో, స్విఫ్ట్‌లకి ఇదే చేయొచ్చా అని అడుగుతున్నారు. కోయంబత్తూర్ కరి ట్రాక్‌కో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో వెళ్లేవాళ్లు. ఐదు తలుపుల కారులో భుజం పట్టీలని వెనక సీటు బెల్టు పాయింట్లకి కట్టేస్తుంటారు. పట్టీ పొడవైపోయి ఎక్కువ సాగుతుంది, వాలు కూడా ఎక్కువ. సరిగ్గా చేయాలంటే వెనక సీటు తీసి హాఫ్ కేజ్ (కారు వెనక సగంలో స్టీల్ గొట్టాల చట్రం) వేయాలి. అప్పుడది ఇంట్లోవాళ్లని ఎక్కించుకునే కారు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో మార్పుల మీద ఆంక్షలూ ఉన్నాయి. ఉన్న ఒక్క కారుకైతే ఫ్యాక్టరీ బెల్టుని లాక్ చేసే పద్ధతి దగ్గరే ఆగమంటాను.

ఇక మిగిలింది ప్యాసింజర్ వైపు. సీటు వచ్చింది. టన్నెల్ ప్లేటు కోసి కన్నాలు వేయాలి, ఐ బోల్టులు ఇంకో జత ఆర్డర్‌లో ఉన్నాయి. పోర్షే క్లబ్, బీఎండబ్ల్యూ క్లబ్ ట్రాక్ డేల్లో ఇన్‌స్ట్రక్టర్‌కీ, స్టూడెంట్‌కీ ఒకే రకం బెల్టులు ఉండాలన్నది నియమం. అది న్యాయమే, నా పక్కన కూర్చునే ఆయన ప్రాణం చవకేం కాదుగా. అందుకని వచ్చే ట్రాక్ డేకి ఇద్దరికీ ఫ్యాక్టరీ బెల్టులే, హార్నెస్ సంచి ఇంట్లోనే.